కొలాబ్ మా పక్కనే ఉన్నా కరెంటు ఎందుకు పోతుంది? నీళ్లు, బొగ్గు, ఎండ ఒకే తీగలో ఎలా కలుస్తాయి?

ప్రశ్న ఒడిశాలోని జయపూర్ నుంచి: "ఎగువ కొలాబ్ జలవిద్యుత్ కేంద్రం మా ఊరి పక్కనే. మాచ్‌ఖండ్, బలిమెల, ఇంద్రావతి అన్నీ మా చుట్టూనే. ఇంత కరెంటు ఇక్కడే పుడుతుంటే మాకే ఎందుకు పోతోంది? నీళ్ల కరెంటు, బొగ్గు కరెంటు, సోలార్ కరెంటు ఒకే తీగలో ఎలా కలుస్తాయి? మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. వీధిలో కరెంటు పోతే, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అది ఆగిపోతోంది. మోసపోయామా?"

మోసపోలేదు లెండి. మీ ఇన్వర్టర్ (సోలార్ ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) తను చేయాల్సిన పనే చేస్తోంది. అదెందుకో తెలియాలంటే ముందు మీ మొదటి రెండు ప్రశ్నలు తేలాలి, కాబట్టి సోలార్ సంగతి చివరికి ఉంచుతున్నాను.

నేను కోరాపుట్ వైపు ఒక జలవిద్యుత్ కేంద్రంలో కొంతకాలం, ఆ తర్వాత గ్రిడ్ (దేశమంతా అల్లుకున్న కరెంటు తీగల వల) సబ్‌స్టేషన్‌లో చాలాకాలం షిఫ్టులు చేసినవాణ్ణి. ఇక్కడి తెలుగువాళ్ల పెళ్లికి వెళ్తే విస్తరి ముందు కూర్చోగానే ఎవరో ఒకరు అడుగుతారు: "మన మాచ్‌ఖండ్ కరెంటంతా ఆంధ్రాకు పోతోందట కదా?" పార్వతీపురం, బొబ్బిలి చుట్టాలైతే దాన్నే తిరగేసి అడుగుతారు: "మాచ్‌ఖండ్‌లో మా వాటా ఒడిశా వాళ్లు లాగేసుకున్నారట కదా?" ఇద్దరికీ జవాబు ఒకటే. కరెంటుకు రెండు లెక్కలుంటాయి. ఒకటి తీగ లెక్క, రెండోది కాగితం లెక్క. ఈ రెండూ కలవాలని ఎక్కడా లేదు.

కాగితం లెక్క ముందు చూద్దాం. మాచ్‌ఖండ్ రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తి. 1955లో మొదటి యంత్రం తిరిగింది. 17 మెగావాట్లవి మూడు, 23 మెగావాట్లవి మూడు, మొత్తం 120 మెగావాట్లు. మొదట్లో ఆంధ్రాకు 70, ఒడిశాకు 30 శాతం అనుకున్నారు, తర్వాత అది సగం సగం అయింది. దీనికి నీళ్లిచ్చే జోలాపుట్టు డ్యాములో నిండు మట్టం 2,750 అడుగులు. అక్కడ వదిలిన నీళ్లు డుడుమ దగ్గర మళ్లి, ఒనకఢిల్లీ పవర్‌హౌస్‌లో టర్బైన్ తిప్పి, చిత్రకొండ దగ్గర బలిమెల రిజర్వాయరులోకి చేరతాయి. అక్కడ నీళ్లనే పంచుకుంటారు. ఒడిశా వాటా 510 మెగావాట్ల బలిమెల పవర్‌హౌస్‌కు పోతుంది. ఆంధ్రా వాటా కిందికి దిగి ఎగువ సీలేరు, డొంకరాయి, మోతుగూడెం వైపు దిగువ సీలేరు యంత్రాలను తిప్పి, శబరిలో కలిసి గోదావరికి పోతుంది. జోలాపుట్టులో బయల్దేరిన నీటిచుక్క గోదావరి చేరేలోపు నాలుగుచోట్ల కరెంటు పుట్టించగలదు. దేశంలో ఇంత పొదుపుగా వాడుకునే నది చాలా తక్కువ అని నా అభిప్రాయం. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి కదా, కొంచెం పక్షపాతం ఉందనుకోండి.

ఒడిశాలో గ్రిడ్‌కో అనే సంస్థ ఈ జల కేంద్రాల నుంచి, బొగ్గు కేంద్రాల నుంచి, సోలార్, గాలి కంపెనీల నుంచి కరెంటు గంపగుత్తగా కొని పంపిణీ సంస్థలకు అమ్ముతుంది. కాబట్టి మీ బిల్లులో "కొలాబ్ కరెంటు" అని వేరే ఏమీ ఉండదు. అన్నీ కలిసిన సగటు ధర, దాని మీద తీగల ఖర్చు, అంతే.

ఇక తీగ లెక్క. తీగలో పారే కరెంటుకు రాష్ట్రమూ ఒప్పందమూ తెలియవు. ఎటు అడ్డు తక్కువుంటే అటు ఎక్కువ పారుతుంది, దగ్గర్లో ఉన్న లోడును, అంటే వాడకాన్ని, ముందు తీరుస్తుంది. ఎగువ కొలాబ్‌లో 80 మెగావాట్ల యంత్రాలు నాలుగున్నాయి. అవి తిరుగుతున్న సాయంత్రం మీ ఇంటి ఫ్యాను చాలావరకు ఆ బలంతోనే తిరుగుతుంది, ఆ వేళ కాగితం మీద ఆ యూనిట్లు ఎవరి పేరున రాసినా సరే. యంత్రాలు ఆపిన మధ్యాహ్నం అదే ఫ్యానుకు ఇంద్రావతి వైపు నుంచి, తాల్చేరు బొగ్గు కేంద్రాల వైపు నుంచి, జయపూర్ 400 కేవీ (కిలోవోల్టుల) సబ్‌స్టేషన్ గుండా కరెంటు వస్తుంది. మారిన సంగతి మీకు తెలియదు. తెలియకుండా ఉంచడమే గ్రిడ్డు నడిపేవాళ్ల ఉద్యోగం.

మరి అన్నీ ఎలా కలుస్తాయి?

కరెంటును తయారైన క్షణమే వాడేయాలి. బ్యాటరీలూ పంపింగ్ కేంద్రాలూ ఉన్నాయి గానీ మొత్తంలో అవి ఇంకా చిన్న భాగమే. దేశంలో ఈ క్షణాన ఎంత వాడుతున్నారో అంతే ఈ క్షణాన పుట్టాలి. 2024 మే 30న దేశం గరిష్ఠ వాడకం 2,50,000 మెగావాట్లు చేరింది. ఆ రోజు కూడా తూకం చెడలేదు. తూకం కుదిరిందో లేదో చెప్పేది ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది సెకనుకు 50 సార్లు, అంటే 50 హెర్ట్జ్.

కోరాపుట్‌లో జగన్నాథుడి రథం లాగడం చూసే ఉంటారు. తాడు పట్టుకున్నవాళ్లు వందలమంది. రథం ఎవరి బలంతో కదిలిందంటే ఎవరూ చెప్పలేరు, అందరిదీ ఒకే తాడు, ఒకే ఊపు. రోడ్డు ఎత్తయితే వేగం తగ్గుతుంది, అప్పుడు సత్తువ మిగిలినవాళ్లు ఇంకాస్త లాగాలి. గ్రిడ్డులో ఆ రథం వేగమే ఫ్రీక్వెన్సీ. లోడు పెరిగితే 50 నుంచి 49.95కు, 49.90కు జారుతుంది. వాడకం తగ్గి ఉత్పత్తి మిగిలితే 50 దాటుతుంది. మన గ్రిడ్ కోడ్ ప్రకారం 49.90కీ 50.05కీ మధ్య ఉండాలి. తాల్చేరు కనిహాలో ఆవిరి టర్బైన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. జల యంత్రం నింపాదిగా తిరుగుతుంది, దాని రోటర్‌కు, అంటే తిరిగే భాగానికి, అయస్కాంత ధ్రువాలు ఎక్కువ. 16 ధ్రువాలుంటే నిమిషానికి 375 చుట్లే. వేగాలు వేరైనా తీగలోకి వచ్చే లయ రెండింటిదీ ఒకటే. దేశమంతా ఉన్న యంత్రాలు అలా ఒకే లయలో ముడిపడి ఉంటాయి.

ఈ ముడి వేసే క్షణం చూడాల్సిందే. యంత్రాన్ని లేపి వేగానికి తెచ్చాక, నేరుగా గ్రిడ్డుకు కలిపేస్తే కొంప మునుగుతుంది. కంట్రోల్ ప్యానెల్ మీద సింక్రోస్కోప్ అని గడియారంలాంటి మీటరుంటుంది, దానికి ఒకే ముల్లు. యంత్రం గ్రిడ్డు కన్నా వేగంగా ఉంటే ముల్లు కుడివైపు తిరుగుతుంది, నెమ్మదిగా ఉంటే ఎడమవైపు. వోల్టేజీ సరిచూసుకుని, ముల్లు కుడివైపే బద్ధకంగా తిరిగేలా వేగం సర్దుకుని, అది పన్నెండు దగ్గరికి వస్తుండగా బ్రేకర్ అనే పెద్ద స్విచ్ వేయాలి. సరిగ్గా పన్నెండు మీదకి వచ్చాక చెయ్యి కదిపితే ఆలస్యమే, బ్రేకర్ మూసుకోవడానికి కూడా కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది మరి. బాగా కలిస్తే పెద్ద చప్పుడేమీ ఉండదు. సరిగా కలవకపోతే నేల అదురుతుంది, షాఫ్టు మీద పడే దెబ్బకు ఆ షిఫ్టులో ఎవరికీ టీ దిగదు. ఇప్పుడు ఈ పని చాలాచోట్ల ఆటోమేటిక్. అయినా పాతకాలం ఆపరేటర్లు ముల్లు మీంచి కన్ను తీయరు.

కలిశాక ప్రతి యంత్రం వేగం గ్రిడ్డు చేతిలోకి పోతుంది. మనం నీళ్లు ఎక్కువ వదిలితే యంత్రం వేగం పెరగదు, మెగావాట్లు పెరుగుతాయి. యంత్రం మీద గవర్నర్ అనే కాపలాదారు ఉంటుంది. దాని డ్రూప్ (వేగం ఎంత శాతం పడితే యంత్రం పూర్తి బలం ఇవ్వాలన్న లెక్క) 5 శాతమనుకుంటే, ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ పడితే యంత్రం సామర్థ్యంలో 4 శాతం ఎక్కువ ఇవ్వాలి. ముఖిగుడ దగ్గర ఎగువ ఇంద్రావతిలో ఒక్కో యంత్రం 150 మెగావాట్లు, కాబట్టి 6 మెగావాట్లు. ఎవరూ ఫోన్ చేయక్కర్లేదు, ఎవరూ బటన్ నొక్కక్కర్లేదు. ఎక్కడో ఛత్తీస్‌గఢ్‌లో పెద్ద యూనిట్ (కరెంటు పుట్టించే ఒక యంత్రం) ట్రిప్ అయి ఆగిపోతే, ఆ లోటును సెకన్లలో దేశంలోని వందల యంత్రాలు తలా కాస్త పూడుస్తాయి. అందులో కలహండి కొండల్లోని యంత్రం వాటా ఉంటుంది, కేరళ యంత్రం వాటా కూడా ఉంటుంది. ఆ తర్వాత గ్రిడ్డును నడిపే జాతీయ లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి 4 సెకన్లకోసారి కొన్ని విద్యుత్ కేంద్రాలకు కంప్యూటర్ సంకేతాలు వెళ్తాయి. అప్పటికీ సరిపోకపోతేనే మనుషులు ఫోన్లు అందుకుంటారు. ఇవేవీ పనిచేయక ఫ్రీక్వెన్సీ ఇంకా పడితే, సబ్‌స్టేషన్లలో రిలేలు అనే కాపలా పరికరాలు 49.4 హెర్ట్జ్ నుంచి మెట్లుమెట్లుగా ఫీడర్లను (ఊళ్లకు పోయే తీగలను) తెంచేస్తాయి. కొన్ని ఊళ్లను చీకట్లో పెట్టి మిగతా దేశాన్ని నిలబెట్టడమన్నమాట.

ఇప్పుడు నీళ్లు, బొగ్గు, ఎండ ఎవరి స్వభావం ఏమిటో చూద్దాం. గ్రిడ్డు కష్టమంతా ఇందులోనే ఉంది.

బొగ్గు కేంద్రం మొండిఘటం. చల్లారిన యూనిట్ లేవాలంటే గంటలు పడుతుంది. లేచాక నిమిషానికి సుమారు ఒక శాతం చొప్పున ఎక్కుతుంది, దిగుతుంది. సామర్థ్యంలో 55 శాతం కిందికి దించితే మంట నిలకడ తప్పుతుందని, ఆయిల్ పోయాల్సి వస్తుందని ఆపరేటర్ల గోల. 40 శాతానికి దించేలా మార్చుకోమని కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది, పని నెమ్మదిగా సాగుతోంది. అయినా దేశంలో పుట్టే కరెంటులో సింహభాగం ఇప్పటికీ బొగ్గుదే. అణు కేంద్రాలు ఒకే పోటున రాత్రింబగళ్లు నడుస్తాయి, వాటిని కదపరు. గాలి మర రాయలసీమలో, తమిళనాడులో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా జోరుగా తిరిగి, మిగతా నెలల్లో మొహం చాటేస్తుంది.

సోలార్ సంగతి మీకు తెలిసిందే. ఖర్చు లేని ఇంధనం, కానీ సూర్యుడి టైమ్‌టేబుల్ ప్రకారమే వస్తుంది. 2025 జనవరి నాటికి దేశంలో సోలార్ సామర్థ్యం 1,00,000 మెగావాట్లు దాటింది. మధ్యాహ్నం అందరూ ఒకేసారి పోస్తారు, కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ధర యూనిట్ రెండు రూపాయల దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి పడిపోతుంది. సాయంత్రం ఐదు దాటాక ఎండ వాలుతుంటే యాభై వేల మెగావాట్ల పైచిలుకు రెండు మూడు గంటల్లో మాయమవుతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లల్లో లైట్లు, టీవీలు, మిక్సీలు మొదలు. అదే కరెంటు ధర అప్పుడు పది రూపాయల గరిష్ఠ పరిమితికి ఎగబాకుతుంది. పగలు 55 శాతానికి అణిచిపెట్టిన బొగ్గు యూనిట్లను ఆ రెండు మూడు గంటల్లో పైకి లాగాలి. 660 మెగావాట్ల యూనిట్ నిమిషానికి ఆరేడు మెగావాట్లకు మించి ఎక్కదు. మిగిలిన ఖాళీ ఎవరు పూడుస్తారు?

ఇక్కడే మన కొండల డ్యాములు. ఆగి ఉన్న జల యంత్రం నిమిషాల్లో లేచి పూర్తి లోడు అందుకుంటుంది, అంతే తొందరగా దిగుతుంది. మీరు గమనించారో లేదో, కొలాబ్ యంత్రాలు రోజంతా ఒకే తీరున నడవవు. నీళ్లు తక్కువున్న వేసవిలో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నడిపి పగలు ఆపుతారు. జనం దాన్ని చూసి "యంత్రాలు పాడైపోయాయి, పట్టించుకునే నాథుడు లేడు" అనుకుంటారు. పగలు చౌకగా దొరికే కరెంటు కోసం నీళ్లెందుకు ఖర్చు చేయాలి చెప్పండి. వంద మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దూకితే, ఒక్క యూనిట్ పుట్టడానికి నాలుగు వేల లీటర్లు కావాలి. మీ ఫ్రిజ్ రోజంతా నడవడానికి ఒకటీ ఒకటిన్నర యూనిట్లు. డ్యాములో ఉన్న నీరు సాయంత్రం కోసం దాచిన కరెంటే. అందుకే ఈ కొండల కేంద్రాల విలువ యూనిట్లలో లెక్కిస్తే చిన్నగా కనిపిస్తుంది. ఏ గంటలో ఇచ్చిందన్నదే వాటికి అసలు కొలత.

దీనికి దేశం మొత్తం చూసిన రుజువొకటుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లార్పి దీపాలు పెట్టమన్నారు గుర్తుందా? లోడ్ డిస్పాచ్ సెంటర్లలో అందరికీ టెన్షనే. నిమిషాల్లో సుమారు 31,000 మెగావాట్ల వాడకం పడిపోయింది. అది ముందు వేసిన అంచనాకు రెట్టింపు పైమాట. తొమ్మిది నిమిషాల తర్వాత మళ్లీ అంతా పైకి. బొగ్గు యూనిట్లు ఆ వేగానికి తాళలేవు. అందుకని ముందే జల కేంద్రాలన్నింటినీ గట్టిగా నడిపి, ఆ సమయానికి దేశమంతా ఒకేసారి దించారు. జల ఉత్పత్తి ఇరవై అయిదు నిమిషాల్లో 25,500 మెగావాట్ల నుంచి 8,000కు దిగి, మళ్లీ ఎక్కింది. ఫ్రీక్వెన్సీ 49.70కీ 50.26కీ మధ్య ఊగింది, ఎక్కడా గ్రిడ్డు కూలలేదు. నీళ్లు లేని దేశమైతే ఆ రాత్రి ఏమయ్యేదో.

డ్యామ్ అంటే వానలు నింపితేనే నీళ్లు. అందుకే ఇప్పుడు అందరి చూపూ పంప్డ్ స్టోరేజీ మీద పడింది. మధ్యాహ్నం చౌక సోలార్‌తో కింది నీళ్లు పైకి ఎత్తిపోసి, సాయంత్రం మళ్లీ కిందికి వదలడం. ఇది కొత్తేమీ కాదు. శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ వెనక్కి తిరిగి పంపుల్లా పనిచేయగలిగేవే. నాగార్జునసాగర్‌లోనూ అలాంటివున్నాయి. కాకపోతే అప్పట్లో రాత్రి మిగులు కరెంటుతో ఎత్తిపోద్దామనుకున్నారు, ఇప్పుడు పగటి మిగులుతో. ఎగువ సీలేరు దగ్గర ఆంధ్రా 1,350 మెగావాట్లకు ప్రణాళిక వేసింది. ఒడిశా ఇంద్రావతి, కొలాబ్ దగ్గర ప్రతిపాదనలు పెట్టింది. ఎత్తిపోసిన దాంట్లో పావు వంతు దాకా పోతుంది, వంద యూనిట్లు పెడితే డెబ్బై అయిదుకు అటూ ఇటూ తిరిగొస్తాయి. రెండు రూపాయలకు కొని పది రూపాయల వేళకు అమ్ముతున్నప్పుడు ఆ నష్టం ఎవరికీ నొప్పి అనిపించదు. అడవి పోతుందా, ఎవరి ఊరు మునుగుతుందా అన్నది వేరే ప్రశ్న. మాచ్‌ఖండ్, బలిమెల, కొలాబ్ కట్టినప్పుడు లేచిపోయిన కుటుంబాల మనవళ్లు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. ఈసారైనా ఆ లెక్క ముందు తేల్చి తర్వాత కొండ తవ్వాలి.

ఇక గ్రిడ్డుల కథ. మన సరిహద్దు జిల్లాలవాళ్లు దీన్ని మిగతావాళ్ల కన్నా దగ్గరగా చూశారు. చాలా ఏళ్లు జయపూర్ తూర్పు గ్రిడ్డు, విశాఖపట్నం దక్షిణ గ్రిడ్డు. ఒకే దేశంలో రెండు వేరువేరు లయలు. తూర్పున బొగ్గు ఎక్కువ, పరిశ్రమ తక్కువ, కాబట్టి కరెంటు మిగిలి ఫ్రీక్వెన్సీ 50 దాటి పరుగెత్తేది. దక్షిణాన కొరతతో 49 కిందికి జారేది. రెండు లయలను నేరుగా ముడివేయలేం, ఇందాక చెప్పిన సింక్రోస్కోప్ ముల్లు ఎప్పటికీ నిలబడదు. అందుకే జయపూర్ నుంచి 400 కేవీ లైను వేసి, గాజువాకలో ఒక స్టేషన్ కట్టారు. అందులో ఒకవైపు నుంచి వచ్చిన ఏసీని (లయగా దిశ మారే కరెంటును) డీసీగా (ఒకే దిశలో పారే కరెంటుగా) మార్చి, అదే ప్రాంగణంలో మళ్లీ అవతలి లయకు తగిన ఏసీగా మారుస్తారు. డీసీకి లయ ఉండదు కాబట్టి గొడవ లేదు. ఒక్కోటి 500 మెగావాట్ల చొప్పున రెండు బ్లాకులు, మొదటిది 1999లో వచ్చింది. తాల్చేరు నుంచి కోలారు దాకా వేసిన 2,000 మెగావాట్ల డీసీ లైనుదీ ఇదే సూత్రం, 2003లో మొదలైంది.

దీని ఫలితం 2012లో కనిపించింది. జూలై 30న ఉత్తర గ్రిడ్డు కూలింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ కలిసి కూలాయి. బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను మీద మోయలేనంత బరువు పడి తెగడంతో మొదలై, ఒకదాని వెంట ఒకటి లైన్లు తెగాయి. అరవై కోట్ల మందికి కరెంటు పోయిందని అంచనా. ఒడిశా ఆ పడిపోయిన రాష్ట్రాల్లో ఉంది. పక్కనే ఉన్న ఆంధ్రాలో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. మధ్యలో డీసీ గోడ ఉంది కాబట్టి కుదుపు అవతలికి పోలేదు. చాలామంది "అయితే కలపకుండా ఉంటేనే మంచిది కదా" అంటారు. నేను ఒప్పుకోను. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా కలిశాక దేశమంతా ఒకే లయ అయింది. ఆ తర్వాత అంగుల్–శ్రీకాకుళం 765 కేవీ లైను వచ్చింది. ఇంత పెద్ద గ్రిడ్డులో ఒక పెద్ద యూనిట్ పడిపోయినా ముల్లు కొద్దిగా మాత్రమే వణుకుతుంది. రాయలసీమలో మబ్బు పడితే రాజస్థాన్ ఎండ ఆదుకుంటుంది. వేరువేరుగా ఉంటే ఈ లక్ష మెగావాట్ల సోలార్‌ను మింగే శక్తి ఎవరికీ ఉండేది కాదు. పెద్ద గ్రిడ్డు కూలితే పెద్దగానే కూలుతుంది, నిజమే. అందుకే రక్షణ రిలేలు, షెడ్యూళ్ల క్రమశిక్షణ ఆ తర్వాత బాగా బిగించారు.

కూలిన గ్రిడ్డును లేపేది కూడా ముందు జల కేంద్రాలే. బొగ్గు కేంద్రానికి తన పంపులు, ఫ్యాన్లు, మిల్లులు నడవాలన్నా బయటి నుంచి బోలెడు కరెంటు కావాలి. జల యంత్రానికి ఒక డీజిల్ జనరేటర్ చాలు, గేటు తెరిస్తే తిరుగుతుంది. దాన్నించి లైను పట్టుకుని బొగ్గు కేంద్రాలకు ప్రాణం పోస్తారు.

షెడ్యూల్ అన్నాను కదా, క్లుప్తంగా చెబుతాను. రోజును 15 నిమిషాల ముక్కలుగా కోస్తారు, 96 ముక్కలు. ఏ ముక్కలో ఎవరు ఎంత ఇవ్వాలి, ఎవరు ఎంత తీసుకోవాలి అన్నది ముందురోజే రాసుకుంటారు. భువనేశ్వర్‌లో రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్, కోల్‌కతాలో తూర్పు ప్రాంతానిది, ఢిల్లీలో జాతీయ స్థాయిది. ఆంధ్రా, తెలంగాణలకు బెంగళూరు. రాసినదానికి తేడా వస్తే డబ్బు కట్టాలి. చౌకగా ఇచ్చేవాడిని ముందు పిలుస్తారు, ఖరీదైనవాడిని ఆఖర్న. మబ్బులు, పెళ్లిళ్ల సీజన్, క్రికెట్ మ్యాచ్ అన్నీ అంచనాలోకి వస్తాయి.

సరే, ఇదంతా ఇంత పకడ్బందీగా ఉంటే మీ ఇంట్లో కరెంటు ఎందుకు పోతోంది?

మీకు పోతున్నది ఉత్పత్తి కొరత వల్ల అయ్యుండడం ఈ రోజుల్లో చాలా అరుదు. 400 కేవీ నుంచి 220, 132, 33 దాకా మెట్లు దిగుతూ వచ్చి, చివరికి 11 కేవీ తీగగా మీ వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరుతుంది. మీకు కరెంటు పోయే కారణాల్లో ఎక్కువ భాగం ఈ చివరి మెట్టులోనివే. మన దగ్గర 11 కేవీ లైను అడవిలోంచి, సాల చెట్ల మధ్య నుంచి, నీలగిరి తోటల అంచున కిలోమీటర్ల కొద్దీ పోతుంది. ఈదురుగాలికి కొమ్మ తగిలితే ఫీడర్ ట్రిప్. పిడుగు పడితే ఇన్సులేటర్ పగులుతుంది, ఎక్కడ పగిలిందో వెతకడానికి లైన్‌మన్ టార్చి పట్టుకుని స్తంభం స్తంభం చూడాలి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి, గంజాం మీద పడ్డప్పుడు, 2014లో హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు ఊళ్లు చీకట్లో పడింది కరెంటు పుట్టక కాదు. దాన్ని తెచ్చే స్తంభాలే నేలకొరిగాయి.

పవర్‌హౌస్ పక్కన ఉన్నంత మాత్రాన కరెంటు రాదనడానికి బలిమెల కన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ఆ రిజర్వాయరు నీళ్లు చుట్టుముట్టి విడిపోయిన చిత్రకొండ వైపు ఊళ్లు దశాబ్దాల పాటు చీకట్లోనే ఉన్నాయి. 2018లో గురుప్రియ వంతెన తెరిచాకే అక్కడికి రోడ్డూ తీగా సాగే దారి ఏర్పడింది. వాళ్ల భూమి మీద నిలిచిన నీళ్లతో పుట్టిన కరెంటు వాళ్ల నెత్తి మీదుగా పెద్ద టవర్ల మీద పోయింది. 220 కేవీ టవరు నుంచి ఇంటికి తీగ లాగలేరు, మధ్యలో సబ్‌స్టేషన్ ఉండాలి. సాంకేతికంగా అది నిజం. అయితే ఆ సబ్‌స్టేషన్ అన్నేళ్లు ఎందుకు కట్టలేదన్న ప్రశ్నకు సాంకేతిక జవాబు లేదు.

కాబట్టి ఈసారి కరెంటు పోయినప్పుడు "గ్రిడ్డులో కరెంటు లేదు" అని ఎవరైనా చెబితే నమ్మకండి. మీ ఫీడర్ ఏ 33/11 సబ్‌స్టేషన్ నుంచి వస్తోందో, పోయింది బ్రేక్‌డౌనా, ముందే చెప్పిన షట్‌డౌనా అడగండి. పక్క వీధిలో ఉండి మీకు లేకపోతే తేడా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే. ఊరంతా పోతే 33 కేవీ లైను చూడాలి. జయపూర్, కోరాపుట్, రాయగడ మూడూ ఒకేసారి పోతే అప్పుడు మాత్రం మా వాళ్లకు ఫోన్ చేయండి.

ఇక మీ మేడ మీది సోలార్. మీరు పెట్టించినది గ్రిడ్డుకు కట్టిన ఇన్వర్టర్. అది తనంతట తాను లయ పుట్టించలేదు, వీధి తీగలో వచ్చే 50 హెర్ట్జ్ లయను విని, దాని వెంట నడుస్తుంది. తీగలో లయ ఆగిపోతే అదీ ఆగిపోతుంది. పెద్ద యంత్రాలకు బరువైన రోటర్ ఉంటుంది, తిరుగుడులో దాచుకున్న బలం ఉంటుంది. మీ ఇన్వర్టర్‌కు అలాంటిదేమీ లేదు. రెండో కారణం ఇంకా ముఖ్యం. వీధిలో లైను ఆపి లైన్‌మన్ స్తంభం ఎక్కాడనుకోండి. మీ మేడ నుంచి కరెంటు వెనక్కి పారితే ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 11 కేవీగా మార్చి అతని చేతికి అందిస్తుంది. అందుకే కరెంటు పోగానే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలని నిబంధన. దీన్ని ఎవరైనా "సెట్టింగ్ మార్చి ఆగకుండా చేస్తాం" అంటే ఆ మనిషిని గేటు దాటనివ్వకండి.

కరెంటు పోయినప్పుడు కూడా ఎండను వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికి బ్యాటరీ ఉండాలి. కరెంటు పోగానే అది ముందు మీ ఇంటిని వీధి తీగ నుంచి విడదీసి, ఆ తర్వాత తన సొంత లయతో ఇంట్లో కొన్ని సర్క్యూట్లను నడుపుతుంది. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, వైఫై చాలు. బోరు మోటారు, గీజరు ఆ వైపు పెట్టకండి. మోటారు లేచేటప్పుడు లాగే కరెంటుకు చిన్న ఇన్వర్టర్ చతికిలపడుతుంది. పీఎం సూర్య ఘర్ కింద 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే 78,000 రూపాయల సాయం ప్యానెళ్లకే గానీ బ్యాటరీకి కాదు, ఆ ఖర్చు మీదే. రోజుకు గంటా రెండు గంటలకు మించి పోని ఊళ్లో ఆ డబ్బు పెట్టడం దండగ అంటాను. ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే వీధిలో పోయిన ఆ గంటకు అదే సరిపోతుంది.

ఇంకొకటి గమనించండి. కరెంటు ఉన్నా మధ్యాహ్నం పూట ఇన్వర్టర్ అప్పుడప్పుడు ఆగి మళ్లీ లేస్తోందా? అయితే మీ వీధిలో వోల్టేజీ హద్దు దాటుతోంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగైదు ఇళ్లు సోలార్ పోస్తూ, అందరూ డ్యూటీలకు వెళ్లి లోడు లేకపోతే ఇలా జరుగుతుంది. ఇన్వర్టర్ డిస్‌ప్లేలో వోల్టేజీ ఎంత చూపిస్తోందో ఫోటో తీసి, టైముతో సహా సబ్‌డివిజన్ ఆఫీసులో ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజీని మెట్లుగా సర్దే ఏర్పాటు) ఒక మెట్టు దించితే చాలాసార్లు సరిపోతుంది. ఈలోగా బోరు మోటారు, వాషింగ్ మెషీన్ మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య వేసుకోండి.